మంచికాలు

వణకాలి. ఇవాళ ఎలాగైనా ఈ బండి వణకాలి. నల్లగొండలో బయల్దేరినప్పటి నుంచీ స్వర్ణ మనసులో ఇదొక్కటే మాట తిరుగుతోంది. బండేమో ఒకటో గేరు నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి ఎప్పుడు మారిందో కూడా తెలియనివ్వకుండా నున్నగా పోతోంది, ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రం చేతులు కట్టుకుని కూర్చునే నాలుగో తరగతి అల్లరి పిల్లాడిలా. పక్క సీట్లో మెకానిక్ ఐలేశం. యాభై దాటిన మనిషి, ఆదివారం పూట షెడ్డు మూసుకుని ఇంట్లో నడుం వాల్చాల్సినవాడు, కుడి అరచేయి గేరు రాడ్ మీద ఆనించి జ్వరం చూసేవాడిలా కళ్లు సగం మూసి కూర్చున్నాడు. జ్వరం లేదు. స్వర్ణ చర్చి మానుకుని వచ్చింది. ఈపాటికి అక్కడ పాటలు అయిపోయి ఉంటాయి, పాస్టరమ్మ తన కుర్చీ వైపు చూసే ఉంటుంది, లేచేటప్పుడు పట్టుకోవడానికి కిటికీ ఊచ అందే ఆ గోడ పక్క కుర్చీ వైపు. అక్కడే కూర్చుని ఉంటే మాత్రం ఏమని ప్రార్థించేది? ప్రభువా, నా బండి చెడిపోయి ఉండేలా చూడు అనా? ఎవరైనా అలా అడుగుతారా? కానీ అదే అడుగుతోంది, కనగల్ దగ్గర స్పీడ్ బ్రేకర్ దాటి మళ్లీ వేగం పెంచుతూ, పాదం కిందున్న పెడల్ కదిలిందో లేదో ఒక కంట చూసుకుంటూ.

వణుకు మొదలై నెల దాటింది. బండి బాగా వేడెక్కాక, కొంచెం ఎక్కుడు మీద, మరీ మెల్లగా కాకుండా మరీ వేగంగా కాకుండా పోతున్నప్పుడు సీటు కింద పుట్టి స్టీరింగు దాకా పాకేది, రోడ్డుకు అడ్డంగా వేసిన ఇనుప కడ్డీల మీద పోతున్నట్టు గడగడగడమని. మీటర్లో ముల్లు పైకీ కిందికీ ఊగేది. రెండు మూడు క్షణాలు, అంతే, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు పోయేది. షెడ్డుకు తీసుకెళ్తే ఐలేశం బానెట్ ఎత్తి, ఇంజను పక్కనుంచి సన్నటి చువ్వ ఒకటి లాగి, తెల్లగుడ్డ మీద తుడిచి ఎండలో పట్టి చూశాడు. గేరుబాక్సు నూనె. కొత్తప్పుడు ఎర్రగా ఉంటుందట, లోపలి పలకలు కాలిపోతే నల్లబడి మాడు వాసన వస్తుందట. ఇది రంగు కొంచెం మారింది గానీ మాడలేదు. స్టీరింగు కింద వైరు గుచ్చి చిన్న యంత్రంలో చూశాడు, తప్పేమీ చూపలేదు. బ్రేకు తొక్కిపట్టి గేరు ముందుకూ వెనక్కూ వేశాడు, వేసినప్పుడల్లా ఆలస్యం లేకుండా పట్టుకుంది. గడియారం సెంటరు దాకా నడిపి తెచ్చాడు. “బండి మంచిగనే ఉన్నది మేడం,” అన్నాడు చేతులు తుడుచుకుంటూ. తర్వాత ఆమె ముఖం చూడకుండా, చాలా మర్యాదగా, “గీ ఆటోమేటిక్ బండ్లకు ఎక్సలేటర్ మీద కాలు ఒక్కతీరుగ ఉండాలె. కాలు జర అటిటయితే గేరు ఎక్కాల్నా దిగాల్నా దానికి సమజ్ కాదు, గట్లనే కొట్టుకుంటది,” అన్నాడు. చెడ్డ మాటేం కాదు. ఎవరికి చెప్పినా అలాగే చెప్పేవాడేమో. కానీ స్వర్ణకు చెవులు వేడెక్కాయి. “అట్ల కాదు అన్నా, వేడెక్కినంక చూడాలె, పెద్దవూర దాటినంక గుట్టల కాడ చూడాలె, నువ్వు నా ఎంబడి రా,” అంది, కావాలనుకున్నదానికన్నా గట్టిగా. అక్కడున్న ఇద్దరు ముగ్గురు తలెత్తి చూశారు.

కాలు అటిటయితే. ఏ కాలు? బండికి తెలిసిన కాలు ఒక్కటే. ఎడమకాలు పక్కన ఇనుప కమ్మీల బూటులో ఒక సామానులా పడి ఉంటుంది, క్లచ్ తొక్కలేదు కాబట్టే క్లచ్ లేని ఈ ఆటోమేటిక్ బండి. ఎవరో వాడి వదిలేసిన పాతది, అయినా సరే. ఎక్సలేటర్, బ్రేకు, రెండూ కుడికాలివే. ఇంట్లో చిన్నప్పటి నుంచీ దాని పేరే మంచికాలు. మంచికాలు ముందు పెట్టు బిడ్డా. మంచికాలి మీద బరువెయ్యి. రెండో ఏట జ్వరం వచ్చి తగ్గాక ఎడమకాలు తోటకూర కాడలా వేలాడితే, అవ్వ బిక్షమ్మ కాలువ గట్టు పక్కన గుంత తవ్వి, ఎండకు కాగిన ఇసుకలో తనను నడుము దాకా పూడ్చి నిలబెట్టేది. బలం వస్తుందని ఎవరో చెప్పారట. ఇసుక వెచ్చగా, బరువుగా, తొడల చుట్టూ వంద చేతులు పట్టుకున్నట్టు ఉండేది. అవ్వ ఎదురుగా కూర్చుని చుట్ట కాల్చుకుంటూ, “తన్ను బిడ్డా, రెండు కాళ్లతోని తన్ను,” అనేది. ఒక్క కాలే తన్నేది. వేసవి పొడుగునా ఇసుకను తన్ని తన్ని ఆ ఒక్క కాలే రాయిలా తయారైంది. బాపు డానియల్ కాలువ మరమ్మతు కూలి నుంచి వచ్చి ఆ పిక్క పట్టి చూసి, “నా బిడ్డ గీ ఒక్కకాలుతోనే లోకం దిరుగుతది పో,” అనేవాడు. తిరిగింది కూడా. హాస్టలు, టీచరు ట్రైనింగు, పక్క చక్రాల స్కూటరు మీద మట్టి రోడ్లు, వానలో ఒకసారి స్కూటరుతో సహా వరి మడిలోకి. సదరం క్యాంపులో డాక్టర్లు ఎడమకాలికి టేపు పెట్టి కొలిచారు, సన్నం రాసుకున్నారు, పొట్టి రాసుకున్నారు, సర్టిఫికెట్ ఇచ్చారు. కుడికాలు ఎలా ఉందమ్మా అని ఏ డాక్టరూ ఎప్పుడూ అడగలేదు. ఎందుకడుగుతారు? అది మంచికాలు కదా.

హాలియా దగ్గర పడుతుంటే రోడ్డు నిండా ఒడ్లు. ఒక సగం మీద ఆరబోసి రాళ్లు అడ్డం పెట్టారు, మిగతా సగంలో ట్రాక్టర్లు, వాటి వెనక లారీలు, అన్నీ నిలబడి ఉన్నాయి. బ్రేకు మీద కాలు. ఆగడం, అంగుళం కదలడం, మళ్లీ ఆగడం. నుదుటి మీద ఎండ. ఇదే మంచిది, ఇలా ఆగి ఆగి పోతేనే గేరుబాక్సు నూనె కాగుతుంది. ఐలేశం అద్దం దించి, ఒడ్లు తిరగేస్తున్న ఒకామెను “తేమ ఎంత వచ్చిందమ్మా?” అని అడిగాడు. ఆమె చెప్పింది, ఇద్దరూ కొనుగోలు సెంటరోళ్లను చెరో మాటా తిట్టుకున్నారు. ఈ మనిషికి ఇది ఒక ఆదివారం షికారు. బండి వణికినా, వణకకపోయినా సాయంత్రానికి ఇంటికి పోయి అన్నం తింటాడు. స్వర్ణ తొడ కింద ఒక లాగుడు మొదలైంది, సన్నగా, దారం పట్టి లాగినట్టు. బ్రేకు తొక్కి పట్టుకునే కొద్దీ అది మోకాలి పైకి వచ్చి గూడు కట్టుకుంటుంది. ఇది కొత్త కాదు. దసరా సెలవుల నుంచీ ఉంది. గేరు న్యూట్రల్‌లో వేసి, చేతి బ్రేకు లాగి, కాలు తీసి కొంచెం చాపుకుంది. ఐలేశం చూశాడా? చూడలేదు. ఒడ్ల వైపే చూస్తున్నాడు.

ఆ మధ్య బాత్రూంలో పడిన రోజు భర్త విజేందర్ సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్నాడు. నీళ్లు లేవు, సబ్బు లేదు, కాలు జారలేదు. మంచికాలి మీద నిలబడి టవలు అందుకోబోయింది, మోకాలు మడత కుర్చీలా మడుచుకుపోయింది. నేల మీద కూర్చుని, ఎందుకో ముందు నవ్వొచ్చింది, తర్వాత తలుపు గడియ వేసి ఉందని గుర్తొచ్చి భయమేసింది. బకెట్ బోర్లించి దాన్ని పట్టుకుని లేచింది. సాయంత్రం ఆయన వచ్చి మోచేతి మీద కమిలిన మచ్చ చూసి, “ఏందిది?” అంటే, “బ్లాక్ బోర్డు తగిలింది,” అంది. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో! ఆయన నమ్మాడో లేదో, కొన్నాళ్లకు, “బండి అమ్మేద్దాం స్వర్ణా, నేనే బైకు మీద దింపి వస్త, షిఫ్టు మార్పిచ్చుకుంట,” అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. ఆ మంచితనానికే ఆమెకు మండింది, రెండు రోజులు మాట్లాడలేదు. బైకు వెనక ఒక పక్కకు కూర్చుని, దిగేటప్పుడు ఆయన భుజం పట్టుకుని, ఆయనకు ఆలస్యమైతే బడి అరుగు మీద కూర్చుని. బండి వచ్చిన మొదటి నెలలో ఒక సెలవు రోజు పొద్దున్నే ఎటు పోవాలో ఆలోచించకుండా ఊరికే ఆలంపూర్ దాకా పోయి వచ్చింది, అంత దూరం, ఒక్కతే. గుడి కోసం కాదు, నది చూడటానికి. తుంగభద్ర ఒడ్డున బండి ఆపి అద్దాలు దించుకుని మిర్చి బజ్జీలు తిని తిరిగి వచ్చేసరికి రాత్రయింది. ఎక్కడికి పోయినవని అడిగితే, “ఊరికే,” అంది. ఊరికే అనే మాట అంతకు ముందు తన జీవితంలో లేదు. ప్రతి అడుగుకూ ఒక పని ఉండాల్సిందే, లేకపోతే కాలు దండగ.

నవనీత చెప్పిన మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. కొన్నేళ్ల కింద హైదరాబాదులో టీచర్లకు పెట్టిన ట్రైనింగప్పుడు ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు, నవనీతది ఆలేరు, ఆమెకూ పోలియోనే. అప్పటికే చక్రాల కుర్చీలో ఉంది. మంచం మీదికి చేరుకుని దుప్పటి సర్దుకుంటూ, “మనకు మంచికాలు అనేది ఉండదే స్వర్ణా. రెండు కాళ్ల పని ఒక్కటే జేసి జేసి, నలభై దాటినంక అది గూడ అలుస్తది. దవాఖానల దానికో పేరున్నదట,” అంది, ఎండలు ముదిరాయి అన్నంత మామూలుగా. స్వర్ణ ఆ పేరు అడగలేదు. పేరు తెలిస్తే అది తన దగ్గరికి దారి కనుక్కుంటుందేమోనని. ఇప్పుడు కనుక్కుందా? అందుకేగా ఈ ప్రార్థన. బండి వణుకుతుంటే గేరుబాక్సు విప్పుతారు, బాగు చేస్తారు, లేదంటే మారుస్తారు. కాలు వణుకుతుంటే దేన్ని విప్పుతారు? పోయిన నెల బడి ముందు బ్రేకు మీదికి కాలు రావడం కొంచెం ఆలస్యమైంది. కొంచెమే. గోడకు ఆనించిన సైకిలుకు జానెడు దూరంలో బండి ఆగింది. సైకిలు మీద ఎవరూ లేరు. ఉండి ఉంటే అన్న ఆలోచన వచ్చిన ప్రతిసారీ దాన్ని తోసేస్తూ వచ్చింది, బండిలో ఏదో తేడా ఉంది, బండికే ఏదో అయింది అని. నిజంగానే బండికి ఏదో అయింది కూడా. అయిందా?

పెద్దవూర దాటింది. రెండు పక్కలా గుట్టలు మొదలయ్యాయి, రోడ్డు మెల్లగా లేస్తోంది. ఇదే జాగా. ఐలేశం వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. “గిదే స్పీడుల పోనియ్యండి మేడం, పెంచకండి, తగ్గియ్యకండి.” స్వర్ణ పాదానికి చెప్పింది, కదలకు. పాదం కదలట్లేదు, కదలట్లేదనే అనిపిస్తోంది, కానీ తొడలో ఆ దారం లాగుతోంది, మోకాలు తనది కానట్టు తేలికవుతోంది, గాలి వీస్తోంది, ఎదురుగా సాగర్ నుంచి వచ్చే బస్సు, బస్సు పోయింది, ముల్లు నిలకడగా ఉంది, ప్రభువా, ముల్లు ఊగింది. గడగడగడ. సీటు కింద, నడుములో, స్టీరింగు పట్టుకున్న వేళ్లలో. ఒకటి, రెండు, మూడు క్షణాలు. ఆగిపోయింది.

“వచ్చింది! చూసినవా అన్నా, వచ్చింది గదా!” అరిచినంత పని చేసింది. ఐలేశం గేరు రాడ్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. మీటర్లో ముల్లును ఒకసారి చూశాడు. తర్వాత నెమ్మదిగా, “వచ్చింది మేడం. కాని... కాలు వణికిందా మీది?” అన్నాడు.

కాదు అని చెప్పాలి. కానీ స్వర్ణకు తెలియదు. వణుకు సీటు నుంచి కాలికి వచ్చిందా, కాలి నుంచి పెడల్‌కు, పెడల్ నుంచి బండికి పోయిందా? రెండూ ఒకేసారి వణికాయి. తన ఒంట్లో ఉన్న కాలు గురించి తనకు తెలియకపోవడమేంటి? పక్కకు తీసి బండి ఆపింది. ఇంజను ఆపకుండా గేరు మాత్రం పార్కింగులో వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, “నువ్వు నడుపు,” అంది. దిగి బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ అవతలి పక్కకు వచ్చింది. బానెట్ పెనంలా కాలుతోంది. అయినా చెయ్యి తియ్యలేదు, తీస్తే పట్టుకోవడానికి ఇంకేం లేదు.

ఐలేశం బండి తిప్పి ఎక్కుడు మొదలు దాకా వెనక్కి పోయి మళ్లీ తిప్పాడు. ఇప్పుడు స్వర్ణ ఎడమ పక్క సీట్లో ఉంది, చూడటం తప్ప ఆమెకు పని లేదు. ఆమె చూసింది అతని కాలినే. చెప్పులు విడిచి వట్టి పాదం పెడల్ మీద పెట్టాడు, మడమ పగుళ్లలో నల్లటి గ్రీజు, పాదం రాయి పరిచినట్టు ఉంది. అదే వేగం. అదే గుట్ట. ఇందాక వణికిన చోట ఉన్న అదే బండ దాటారు, దాని మీద ఎవరో సున్నంతో ఏదో పార్టీ పేరు రాశారు. ముల్లు కదల్లేదు. బండి నున్నగా, బుద్ధిగా ఎక్కుడంతా ఎక్కేసింది. పైకి వచ్చాక ఐలేశం ఆమె వైపు చూడలేదు. ఆ చూడకపోవడంలో జాలి ఉందని స్వర్ణకు తెలిసింది. సరే. అయితే కాలే. కిటికీ అవతల కందిచేల మోళ్లు, ఒక మేక, మేక వెనక ఒక ముసలాయన, ఆయన రెండు కాళ్ల మీదా సమానంగా నడుస్తున్నాడు, ఆ సంగతి ఆయనకు తెలిసి ఉండదు. రేపటి నుంచి బైకు. పిల్లలకు ఏం చెప్పాలి? ఏమీ చెప్పక్కర్లేదు, పిల్లలు రెండు రోజులు అడుగుతారు, మూడో రోజు మరిచిపోతారు. విజేందర్‌కు? ఆయన ఏమీ అనడు. అదే కష్టం. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు, గొంతులో ఒడ్ల దుమ్ము మాత్రం ఉంది.

“ఇంకొక్కపాలి పోదాం,” అన్నాడు ఐలేశం.

“ఎందుకన్నా?”

“మీరు నడిపినప్పుడు మోటరు ఆగకుంట వచ్చింది, నూనె మస్తు కాగున్నది. మధ్యల మనం ఆపినం, దిగినం, ఎక్కినం. జర చల్లవడ్డదేమో. మల్ల కాగనియ్యాలె.”

ఆశ పెట్టుకోకూడదని ఆమె గట్టిగా అనుకుంది. అతను ఎక్కుడు దిగి, ఎక్కి, దిగి, ఏసీ పెంచి, ఊరికే బ్రేకు తొక్కుతూ వదులుతూ బండిని అలిసేదాకా తిప్పాడు. తర్వాత మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాడు. ఈసారి స్వర్ణ అతని కాలు చూడలేదు, కళ్లు మూసుకుంది, సీటు మీద రెండు అరచేతులూ బోర్లా పెట్టింది. ఇంజను మోత. గాలి. అతని ఊపిరి. అప్పుడు వచ్చింది. ముందు నడుముకు, తర్వాత అరచేతులకు, గడగడగడ, ఇంతకు ముందుకన్నా గట్టిగా, పళ్లు టకటకలాడేంత. కళ్లు తెరిచి చూస్తే ముల్లు పిచ్చెక్కినట్టు ఊగుతోంది, ఐలేశం పాదం మాత్రం రాయిలాగే ఉంది.

“ఓ నీ! గిదా!” అన్నాడు ఐలేశం, దొంగను పట్టుకున్నట్టు. “బండిదే మేడం. పక్కా బండిదే. ఇంజను తిరుగుడు గేరుబాక్సుకు అందే కాడ లోపల ఒక పలక ఉంటది. అది పట్టుకోవాలె. నూనె కాగి పల్సగయినంక పట్టుకున్నట్టె పట్టుకొని జారుతాంది, మల్ల పట్టుకుంటాంది. గందుకే గీ కొట్టుకునుడు. ముందుగాల నూనె మొత్తం మార్చి చూస్త. తగ్గకపోతె గేరుబాక్సు దించుడే.” చెప్తూ చెప్తూ ఆగాడు. “ఆనాడు కాలు అన్న. ఏమనుకోకండి.”

స్వర్ణ నవ్వింది. గేరుబాక్సు దించుడే అన్న మాట విని ఇంత హాయిగా నవ్విన మనిషి ఐలేశానికి ఇంతవరకు తగిలి ఉండడు. నవ్వుతూనే ఉంది, నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుంది. బండిదే. తను చెప్పింది నిజమే. ఎవరూ నమ్మని నెల పొడుగునా తను చెప్పింది నిజమే. ఐలేశం బండి పక్కకు ఆపి, “నీడకు పెట్టి జర చల్లారనిద్దాం. అటెనుక మీరే నడుపుండ్రి, మెల్లగ పోతె ఏం గాదు,” అని దిగబోయాడు. ఆమె కూడా తలుపు మీద చెయ్యి వేసింది. మంచికాలు కింద పెట్టి లేవబోతే తొడలో ఆ దారం, ఎప్పటిలాగే, సన్నగా. బండి నిర్దోషిగా తేలినా అది పోయేది కాదు, బండి దొంగగా దొరికినా పోలేదు. జానెడు దూరంలో ఆగిన సైకిలు కూడా పోలేదు, అప్పుడు ఎక్కుడు లేదు, వణుకు లేదు, కాలు ఆలస్యమైంది, అంతే. రెండూ వేరువేరు సంగతులు. ఇన్నాళ్లూ ఒకదాని వెనక ఇంకోదాన్ని దాచింది. తలుపు మీద నుంచి చెయ్యి తీసేసింది.

“నువ్వే నడుపు అన్నా. నా కాలు గుంజుతాంది.”

అంత మామూలుగా వచ్చింది ఆ మాట. ఐలేశం సరే అన్నట్టు తలూపి మళ్లీ కూర్చున్నాడు. పెద్దవూర దగ్గర పడుతుంటే విజేందర్ ఫోను చేశాడు. “ఏమైంది? బండిదేనా?” అని అడిగాడు, వద్దనుకుంటూనే అడిగినట్టు. “బండిదే. గేరుబాక్సు లోపల ఏదో జారుతాందట,” అంది. అవతల ఊపిరి వదిలిన చప్పుడు. ఆయనా ఇదే మొక్కుకున్నాడన్నమాట. “ఇంకో ముచ్చట గూడ ఉన్నది. ఇంటికొచ్చినంక చెప్త. దవాఖానకు పోవాలె, హైదరాబాద్‌కు, నువ్వు గూడ రావాలె,” అంది. ఆయన ఏమిటని అడగలేదు. “వస్త,” అన్నాడు, వెంటనే.

ఫోను పక్కన పెట్టి కొంచెం సేపు రోడ్డు చూసింది. ఐలేశం అరికాలు ఎక్సలేటర్ మీద నుంచి బ్రేకు మీదికి, బ్రేకు మీద నుంచి ఎక్సలేటర్ మీదికి, చూడకుండానే పోయి వస్తోంది. “అన్నా,” అంది, “గేరుబాక్సు పని చేసినప్పుడు ఇంకోటి గూడ చేస్తవా? బ్రేకు, ఎక్సలేటర్ కాలుతోని గాకుంట చెయ్యితోని పట్టేటట్టు పెట్టొచ్చా?”

“పెట్టొచ్చు. ఒక రాడ్ కట్టి పైకి తెస్తరు, నేను చెయ్యలే గని హైదరాబాద్‌ల చేసేటోళ్లు ఎరికే. కాయితాలల్ల గూడ ఎక్కియ్యాలె. ఎవలకు మేడం?”

“నాకే.”

ఐలేశం మొదటిసారి ఆమె కుడికాలి వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. ఎదురుగా ట్రాక్టరు వస్తుంటే పక్కకు ఇచ్చి, మళ్లీ రోడ్డు మీదికి తెచ్చి, కొలతలు తీసుకునేవాడి గొంతుతో అడిగాడు.

“ఎడమ చెయ్యికా, కుడి చెయ్యికా?”

స్వర్ణ రెండు చేతులూ ముందుకు చాపి, లేని స్టీరింగును పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కుడిచెయ్యి స్టీరింగు మీద ఉండాలి. ఎడమచేతి వేళ్లు మూసి, కిందికి నొక్కి, వదిలింది.

“ఎడమ చెయ్యికి,” అంది.